ప్రేగుల్లోని సూక్ష్మజీవులు – పిల్లల్లో లూపస్ వ్యాధి

పోయిన వేసవి సెలవులకు పెద్దదోర్నాలలో బస్సు దిగి ఇంటికి చేరిన మర్నాడే, వరసకు చిన్నాన్న అయ్యే మా వీధి ఆయన ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొని వచ్చాడు. "ఏరా అబ్బాయ్, నువ్వు చదివేది సూక్ష్మజీవుల చదువే గదా! ఇందులో మంచి బాక్టీరియా వుందంట. పాపకు రోజూ ఒక చెంచా ఏస్తే లోపల్నుంచే నయమవుద్దంట. మరి ఇది ఏస్తే ఆ బిళ్ళలు మానెయ్యొచ్చునా?" అని అడిగాడు.

ఆ పాప తొమ్మిదో తరగతి చదువుతోంది. రెండేళ్ళ నుంచి లూపస్ జబ్బు. డబ్బా మీద ఇంగ్లీషులో నాలుగైదు బాక్టీరియా పేర్లు, వాటి పక్కన కోట్ల లెక్కలో అంకెలు వున్నాయి. నేను ఎం.యస్సీ. మైక్రోబయాలజీలో ఒక సంవత్సరం గడిపినవాణ్ణే గాని ఆ ప్రశ్నకు సరైన జవాబు నా దగ్గర లేదు. "బిళ్ళలు మాత్రం ఒక్కపూట కూడా మానొద్దు చిన్నాన్నా, మిగతాది చదివి చెప్తాను" అని తప్పించుకున్నాను. హాస్టలుకు తిరిగి వచ్చాక లైబ్రరీలో కూర్చుని చదివిందే యీ వ్యాసం. సైన్సు చదవని మిత్రులకు కూడా అర్థం కావాలని సాధ్యమైనంత తేలిక మాటల్లో రాస్తున్నాను.

తోడేలు పేరుగల జబ్బు

లాటిన్ భాషలో లూపస్ అంటే తోడేలు. ముఖం మీది పుండ్లు తోడేలు కొరికినట్టుగా వుంటాయని మధ్యయుగాల ఐరోపా వైద్యులు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మనం అనుకునే లూపస్‌ను మిగతా చర్మవ్యాధుల నుంచి విడదీసి 1851లో పేరు స్థిరపరచినవాడు ఫ్రెంచి వైద్యుడు కజెనేవ్. ఇది చర్మంతో ఆగే జబ్బు కాదనీ, గుండె, మూత్రపిండాలు, కీళ్ళు అన్నిటినీ పట్టుకుంటుందనీ ఆ శతాబ్దం చివర ఆస్లర్ వంటి వైద్యులు గమనించారు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ యీ రోగుల ఎముక మజ్జలో ఒక వింత కణాన్ని చూశాడు. ఒక తెల్లకణం మరొక కణపు కేంద్రకాన్ని మింగి కూర్చున్నది. మన శరీరపు రక్షణ వ్యవస్థ మన కణాల మీదనే తిరగబడిందనడానికి అది కంటికి కనిపించిన తొలి గుర్తులలో ఒకటి.

ఊరి కావలివాడు దొంగను వదిలేసి ఇంటివాళ్ళ మీదనే కర్ర ఎత్తితే ఎట్లా వుంటుంది? లూపస్‌లో జరిగేది అదే. బయటి క్రిములను పట్టుకోవలసిన ప్రతిరక్షకాలు మన కణ కేంద్రకంలోని డి.ఎన్.ఏ. మీదికే తయారవుతాయి. డి.ఎన్.ఏ., ప్రతిరక్షకాలు కలిసి ముద్దలుగా ఏర్పడి మూత్రపిండాల్లోని సన్నటి జల్లెడలో చిక్కుకుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది. జల్లెడ చిరిగితే రక్తంలోని ఆల్బుమిన్ మూత్రంలోకి కారిపోతుంది.

లూపస్ రోగుల్లో సుమారు వందకు పది నుంచి ఇరవై మందికి యీ జబ్బు పద్దెనిమిదేళ్ళ లోపే మొదలవుతుంది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో చాలా అరుదు. ఎక్కువగా ఆడపిల్లలకు, యుక్తవయస్సు వచ్చే రోజుల్లో బయటపడుతుంది. పిల్లల్లో ఇది పెద్దవాళ్ళలో కన్నా గట్టిగా వస్తుంది. సగానికి పైగా పిల్లల్లో మూత్రపిండాలు దెబ్బ తింటాయి. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, కలిసి తింటే రాదు. యీ సంగతి మా పాప పక్క బెంచీ పిల్లల తల్లులకు చెప్పి నమ్మించడానికి ఒక పూట పట్టింది.

గుర్తులేమిటంటే, తగ్గీ తగ్గని జ్వరం, రెండు బుగ్గల మీదా ముక్కు మీదా సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఎర్రదనం, ఎండలోకి వెళితే అది ఎక్కువ కావడం, కీళ్ళ నొప్పులు, జుట్టు రాలడం, నోట్లో నొప్పిలేని పుండ్లు, విపరీతమైన నీరసం. విడివిడిగా చూస్తే ఒక్కొక్కదానికి మావైపు ఒక్కో పేరు సిద్ధంగా వుంటుంది. బుగ్గలు ఎర్రబడితే ఎండదెబ్బ. ఒళ్ళు పేలితే అమ్మవారు, వేపమండలు కట్టెయ్. నల్లమల అంచున జ్వరమంటే మలేరియా, కాకపోతే టైఫాయిడ్. కీళ్ళ నొప్పులంటారా, పశ్చిమ ప్రకాశంలో బోరునీళ్ళలోని ఫ్లోరైడు వల్ల పెద్దవాళ్ళు కుంటడం మేము పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే గనుక పిల్ల కుంటినా నీళ్ళదే తప్పంటారు. మా పాపకు మొదటి ఆరు నెలలు అట్లాగే గడిచాయి. ఆ ఆరు నెలల్లో ఎన్ని రకాల యాంటిబయాటిక్ కోర్సులు పడ్డాయో వాళ్ళ అమ్మకే లెక్క తెలియదు. ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్ళ కింద వాపు, మూత్రంలో నురుగు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే అప్పుడు తెలిసింది జబ్బు పేరు.

బాక్టీరియా ఎందుకు మధ్యలోకి వచ్చింది?

ముందు ఒక సంగతి చెప్పాలి. లూపస్‌కు ఒక్క కారణం లేదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు, ఎండ, ఆడ హార్మోన్లు, కొన్ని వైరస్‌లు అన్నీ కలిసి వస్తాయి. చిన్న పిల్లల్లో జన్యువుల పాత్ర మరీ ఎక్కువ. సి1క్యూ అనే రక్తంలోని ప్రోటీను పుట్టుకతోనే లేని పిల్లల్లో దాదాపు అందరికీ లూపస్ వంటి జబ్బు వస్తుంది. చనిపోయిన కణాల చెత్తను ఊడ్చే పని ఆ ప్రోటీనుది. ఊడ్చేవాడు లేకపోతే చెత్త పేరుకుంటుంది, దాన్ని చూసి కావలివాడు రెచ్చిపోతాడు.

2022లో ఇంకొక గొప్ప సంగతి బయటపడింది. ఏడేళ్ళ వయస్సులోనే తీవ్రమైన లూపస్ బయటపడిన స్పెయిన్ బాలిక ఒకతె జన్యువులన్నీ చదివితే, టి.ఎల్.ఆర్.7 అనే జన్యువులో ఒక్క అక్షరం మారి వుంది. వైరస్‌ల ఆర్.ఎన్.ఏ.ను పసిగట్టి గంట కొట్టేది టి.ఎల్.ఆర్.7. ఆ బాలికలో అది మన సొంత పదార్థాలకు కూడా గంట కొట్టేస్తున్నది. అదే మార్పును ఎలుకల్లో పెడితే ఎలుకలకూ లూపస్ వచ్చింది. ఒక్క జన్యువుతో మనిషికి లూపస్ రాగలదని అంత స్పష్టంగా తేలింది. పైగా యీ జన్యువు వుండేది ఎక్స్ క్రోమోజోము మీద. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండు. ఆడపిల్లలకే యీ జబ్బు ఎక్కువ ఎందుకన్న పాత ప్రశ్నకు ఇక్కడ కొంత జవాబు దొరుకుతుంది. టి.ఎల్.ఆర్.7 పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ప్రేగుల సంగతి. మన శరీరంలో మన కణాలకన్నా బాక్టీరియా పది రెట్లు ఎక్కువని పాత పుస్తకాల్లో చదువుకున్నాం. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మళ్ళీ లెక్కవేసి, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, అంటే దాదాపు సరిసమానమని తేల్చారు. బరువు తూస్తే మొత్తం పావుకిలోకు లోపే. వీటిలో అత్యధికం పెద్దప్రేగులో వుంటాయి. బిడ్డ పుట్టేటప్పుడు తల్లి నుంచి కొన్ని వస్తాయి. తల్లిపాలలో బిడ్డ తాను అరిగించుకోలేని చక్కెరలు కొన్ని వున్నాయి, అవి ఎందుకయ్యా అంటే బిడ్డ ప్రేగుల్లోని బిఫిడో బాక్టీరియాకు మేత! సుమారు మూడేళ్ళు వచ్చేసరికి పిల్లల ప్రేగు పెద్దవాళ్ళ ప్రేగును పోలి వుంటుంది. ఆ మూడేళ్ళలోనే మన రక్షణ వ్యవస్థ ఎవరు చుట్టం, ఎవరు శత్రువు అన్నది చాలావరకు నేర్చుకుంటుంది.

ఈ నేర్పడంలో ఒక రసాయనం పాత్ర వుంది. మనకు అరగని పీచును బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరిక్ ఆమ్లం తయారు చేస్తాయి. పాడయిన వెన్న వాసన కొట్టే ఆమ్లమే, మన కెమిస్ట్రీ లాబ్‌లో ముక్కు మూసుకుని వాడేది. ప్రేగుల్లో అది రక్షణ వ్యవస్థను అదుపులో పెట్టే నియంత్రక టి-కణాల సంఖ్యను పెంచుతుందని 2013లో ఎలుకల్లో చూపించారు. ఈ టి-కణాలను 1995లో గుర్తించిన జపాను శాస్త్రజ్ఞుడు సకగూచికి, వాటి వెనక జన్యువును పట్టుకున్న బ్రన్‌కో, రామ్స్‌డెల్‌లకు కలిపి 2025 నోబెల్ బహుమతి ఇచ్చారు.

ప్రేగు గోడ పై పొర ఒకే ఒక్క వరస కణాల మందం. దాని మీద జిగురు పూత. ఈ పక్క లక్షల కోట్ల బాక్టీరియా, ఆ పక్క రక్తం. ఆ గోడ బీటలు వారితే?

2018లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో క్రీగెల్ బృందం సరిగ్గా అదే చూసింది. లూపస్ వచ్చే జాతి ఎలుకల్లో ఎంటెరోకాకస్ గాలినేరమ్ అనే బాక్టీరియా ప్రేగు గోడ దాటి కాలేయానికి చేరుతున్నది. చేరిన తర్వాత స్వదేహ ప్రతిరక్షకాలు పెరుగుతున్నాయి. ఆ బాక్టీరియాకు వ్యతిరేకంగా టీకా వేస్తే, లేక యాంటిబయాటిక్‌తో చంపితే, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. కొందరు రోగుల కాలేయపు ముక్కలలో కూడా దాని జాడ దొరికింది. 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయపు సిల్వర్‌మన్ బృందం 61 మంది లూపస్ స్త్రీల మలాన్ని పరీక్షించింది. రూమినోకాకస్ నేవస్ అనే మరొక బాక్టీరియా ఆరోగ్యవంతుల కన్నా వీరిలో సుమారు అయిదు రెట్లు ఎక్కువగా వుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళలో దాని మీది ప్రతిరక్షకాలు మరీ ఎక్కువగా కనిపించాయి.

మూడోది ఇంకా చిత్రం. లూపస్ రోగుల్లో చాలామందికి రో-60 అనే మన ప్రోటీను మీద ప్రతిరక్షకాలుంటాయి. మన చర్మం మీదా, నోట్లోనూ, ప్రేగుల్లోనూ కాపురముండే కొన్ని బాక్టీరియాలలో కూడా అచ్చం దాన్ని పోలిన ప్రోటీను వుందని 2018లో కనిపెట్టారు. బాక్టీరియా ప్రోటీను మీద లేచిన సైన్యం పోలిక చూసి పొరబడి మన ప్రోటీను మీద పడుతున్నదేమోనని ఊహ. కవల పిల్లల్లో ఒకడు చేసిన తప్పుకు రెండోవాడు దెబ్బలు తినడం మనకు తెలియనిదా!

ఇక మా చిన్నాన్న డబ్బా దగ్గరికి వస్తాను. ఆ డబ్బా మీది పేర్లలో ఎక్కువ భాగం లాక్టోబాసిల్లస్ కుటుంబానివే. పెరుగులో వుండే కుటుంబం, మంచి పేరున్నదే. 2017లో వర్జీనియాలో చేసిన పరిశోధనలో ఒక జాతి లూపస్ ఎలుకలకు లాక్టోబాసిల్లస్‌లు పెడితే ప్రేగు గోడ గట్టిపడింది, మూత్రపిండాలు బాగుపడ్డాయి. బలే వుంది గదా. కాని 2019లో ఆ యేల్ బృందమే, టి.ఎల్.ఆర్.7 అతిగా పనిచేసే ఎలుకలను తీసుకుంటే, అదే కుటుంబానికి చెందిన లాక్టోబాసిల్లస్ రూటరై జబ్బును పెంచింది! ఇంటి పేరు ఒకటే, ఒకచోట మందు, ఒకచోట విషం. ఎలుక జాతి మారితే ఫలితం తారుమారయింది. మా పాప లోపల వున్నది ఏ ఎలుక లాంటి జబ్బో డబ్బా అమ్మేవాడికి తెలుసా? పైగా రక్షణ శక్తిని తగ్గించే మందులు వాడుతున్న పిల్లలకు బతికున్న బాక్టీరియాను వైద్యుణ్ణి అడక్కుండా పెట్టడమే తప్పు.

అదే పరిశోధనలో మరొక ముక్క వుంది. ఆ ఎలుకలకు సులభంగా అరగని పిండిపదార్థం పెడితే, ఆ రూటరై తగ్గిపోయింది, జబ్బూ తగ్గింది. పప్పుల్లో, చిరుధాన్యాల్లో, వండి చల్లార్చిన అన్నంలో యీ అరగని పిండి కొంత వుంటుంది. వేడి అన్నం చల్లారినప్పుడు గంజి పదార్థపు అణువులు మళ్ళీ దగ్గరికి చేరి బిగుసుకుంటాయి, వాటిని మన రసాలు తొందరగా విడగొట్టలేవు. అంటే చద్దన్నం! నాకు చదవగానే ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాని నిజం చెప్పాలి. చద్దన్నంలో పెరిగేది కొద్దిపాటే. ఎలుక మేతలో కలిపినంత మోతాదు కాదు. చద్దన్నంతో లూపస్ తగ్గిన పిల్లలున్నారని ఎవరూ చూపలేదు.

మావైపు తాతల కాలంలో కొర్రలు, సజ్జలు, జొన్నలే తిండి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పేదవాడి పళ్ళెంలోకి కూడా తెల్లన్నం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. పీచు మాత్రం తగ్గింది. అస్సాం, మణిపూర్, సిక్కిం, తెలంగాణలలోని పదిహేను గిరిజన తెగల ప్రేగుల బాక్టీరియాను 2015లో పరీక్షించిన మన దేశపు శాస్త్రజ్ఞులు, అన్ని తెగల్లోనూ ప్రివోటెల్లా అనే బాక్టీరియా ప్రధానంగా వుందని చెప్పారు. ధాన్యం, పీచు ఎక్కువ తినేవాళ్ళలో వుండేది అది. మా అడవిలోని చెంచులు దుంపలు, తేనె మాని రేషను బియ్యానికి మారుతున్న యీ రోజుల్లో వాళ్ళ పిల్లల ప్రేగుల్లో ఏం మారుతున్నదో ఎవరైనా పరిశోధనకు తీసుకుంటే బాగుండును. మన డిపార్ట్‌మెంటువాళ్ళే ఎందుకు తీసుకోకూడదు?

ప్రేగుకూ రక్తానికీ సంబంధముందన్న ఆలోచన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తన సోదరులను స్ప్రూ అనే ప్రేగు వ్యాధికి పోగొట్టుకున్నారు. తిన్నది ఒంటబట్టక రక్తం తరిగిపోయే జబ్బు అది. ఆయన లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించారు, దానికి జవాబుగా మెథోట్రెక్సేట్‌నూ తెచ్చారు. నేడు లూపస్ పిల్లల కీళ్ళ నొప్పులకు వైద్యులు రాసే మందుల్లో అదొకటి. ఆయన నాయకత్వంలోనే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు. ఐతే జలుబుకూ, ఒళ్ళునొప్పులకూ కూడా అటువంటి మందును మింగే మనబోటి వాళ్ళ అలవాటుకు ఆయన బాధ్యుడు కాడు. ప్రతి కోర్సూ ప్రేగులోని చుట్టాలను కూడా చంపుతుంది. లూపస్ వున్న పిల్లలకైతే సల్ఫా మందులు జబ్బును రేపవచ్చు కూడా. అందుకే ఏ జ్వరానికి ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు "పాపకు లూపస్ వుంది" అని చెప్పాలి.

మరి బాక్టీరియాను మార్చి వైద్యం చెయ్యలేమా అంటారా? 2022లో చైనాలో లూపస్ తీవ్రంగా వున్న 20 మంది రోగులకు ఆరోగ్యవంతుల మలంలోని బాక్టీరియాను గొట్టపు మాత్రలుగా ఇచ్చి చూశారు. పన్నెండు వారాలకు నూటికి సుమారు 42 మందికి గుణం కనిపించింది. వింటానికి అసహ్యంగా వున్నా ఆశ కలిగించే సంగతే. కాని పోల్చి చూడడానికి రెండో గుంపు లేదు, రోగులు పిల్లలు కారు, పాత మందులు కూడా వాడుతూనే వున్నారు. నేను పైన చెప్పినవాటిలో మనుషుల మీద జరిగినవి ఎక్కువగా పెద్ద స్త్రీల మీద, మిగతావి ఎలుకల మీద జరిగాయి. ఇంకొక చిక్కు, బాక్టీరియా మారడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బూ దాని మందులూ కలిసి బాక్టీరియాను మార్చాయా? స్టిరాయిడ్లు, యాంటిబయాటిక్‌లు మింగిన ప్రేగును చూసి యీ ప్రశ్న తేల్చడం కష్టం. పిల్లలకు జబ్బు మొదలయిన తొలి రోజుల్లోనే, మందులు పడకముందే నమూనాలు తీసి ఏళ్ళ తరబడి వెంబడించాలి.

ఆ బిళ్ళల సంగతి

పాప వాడే ముఖ్యమైన బిళ్ళ హైడ్రాక్సీక్లోరోక్విన్. పేరు వినగానే మావైపు వాళ్ళకు తెలిసిపోతుంది, మలేరియా బిళ్ళ చెల్లెలు. 1894లోనే పేన్ అనే ఇంగ్లీషు వైద్యుడు లూపస్‌కు క్వినైన్ వాడి చూశాడు. ఈ బిళ్ళ ఎట్లా పనిచేస్తుందో చదివినప్పుడు నాకు మా చిన్నాన్న ప్రశ్నకు జవాబు దొరికింది. కణం లోపలి సంచుల్లో టి.ఎల్.ఆర్.7 గంట కొట్టకుండా అడ్డుపడడం దాని పనుల్లో ఒకటి. స్పెయిన్ బాలికలో చెడిపోయినదీ, ఎలుకల్లో రూటరై బాక్టీరియా రెచ్చగొట్టినదీ ఏ దారో, ఆ దారికే యీ బిళ్ళ తలుపు వేస్తున్నది. బాక్టీరియా సంగతి ఎంత నిజమైతే బిళ్ళ అవసరం అంత ఎక్కువన్న మాట! డబ్బా కొనిపించిన సిద్ధాంతమే బిళ్ళ మానొద్దని చెబుతున్నది. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా ఇస్తారు, కంటి తెర పరీక్ష ఎప్పటికప్పుడు చేయిస్తారు.

రెండోది ప్రెడ్నిసోలోన్. దీనితో ముఖం ఉబ్బుతుంది. పోయిన సంవత్సరం పాప మొహం గుండ్రంగా కావడం చూసి "పెళ్ళి కావలసిన పిల్ల, ఇట్లా అయిపోతే ఎట్లా" అని ఇంట్లో పెద్దవాళ్ళు ఆ బిళ్ళ ఆపేశారు. మూడు వారాల్లో మళ్ళీ కాళ్ళు వాచి ఆసుపత్రి పాలయింది. ఎక్కువ రోజులు వాడిన స్టిరాయిడ్ హఠాత్తుగా ఆపితే లూపస్ తిరగబడడమే కాదు, సొంత హార్మోను తయారుచేయడం మరచిపోయిన శరీరం కుప్పకూలవచ్చు. దాన్ని వైద్యుడు మెట్టు మెట్టుగా దించాలి.

ఇంకొకటి మూత్రపరీక్ష. మూత్రపిండం నొప్పి చెప్పదు. పాతరోజుల్లో మన లాబ్‌లో చేసినట్టు పరీక్షనాళికలో మూత్రం మరిగించి రెండు చుక్కల ఎసిటిక్ ఆమ్లం వేస్తే, తెల్లటి మడ్డి కరగకుండా నిలిస్తే ఆల్బుమిన్ వున్నట్టు. ఇప్పుడు అంత శ్రమ లేదు, మందుల షాపులో కాగితపు పట్టీలు దొరుకుతాయి. ముంచితే రంగు మారుతుంది. కొద్ది రూపాయల పని. డబ్బా ఖరీదుతో సంవత్సరానికి సరిపడా పట్టీలు వస్తాయి.

దసరా సెలవులకు పోయి ఇదంతా చిన్నాన్నకు చెప్పాను. సగం విని, "అయితే డబ్బా వొద్దంటావు" అన్నాడు. మర్నాడు తిరిగి ఇవ్వబోతే షాపతను డబ్బు ఇవ్వనన్నాడు. బేరమాడి ఆ డబ్బుకు బదులు మూత్రపు పట్టీలు, ఒక గొడుగు తెచ్చాడు. గొడుగు పాపకు, ఎండ తగలకుండా. పాప మాత్రం "అన్నా, నేను చద్దన్నం తినొచ్చా?" అని అడిగింది. రాత్రి వండింది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పెరుగేసుకుని తినమన్నాను. రాత్రంతా బయట వుంచింది వద్దని, ఆ మందులు మింగే ఒంటికి పాచిపోయిన కూడు ప్రమాదమని చెప్పాను. కొర్రన్నం అంటే మాత్రం మూతి ముడిచింది.

ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళవలసిన తేదీ కార్తీక సోమవారం పడింది. ఆ రోజు శ్రీశైలం పోయే జనంతో దోర్నాలలో ఏ బస్సులోనూ కాలు పెట్టే చోటుండదు గనుక, ఆదివారం పొద్దున్నే మార్కాపురం బస్సు ఎక్కమని చెప్పి వచ్చాను.